ఏకగ్రీవం

"జ్ఞాపిక మీద పేరు సరిగ్గా వేయించావా?" మైకు సర్దుతూ అడిగారు త్యాగరాజు.

"రెండుసార్లు చూసుకున్నాను అంకుల్," అంటూ ధాత్రి గిఫ్ట్ పేపర్ చుట్టిన పెట్టెను శాలువా పక్కన పెట్టింది.

కెనడాలో, స్కార్‌బరోలోని ఆ తెలుగు సంఘానికి త్యాగరాజు పదకొండేళ్ళుగా ఏకగ్రీవ అధ్యక్షుడు. పోటీ చేసేవాళ్ళుంటేగా ఓడేది! కుర్చీలు వేసేదీ, పులిహోర వడ్డించేదీ స్టూడెంట్లు. ఓటు మాత్రం పి.ఆర్., అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చినవాళ్ళకే. చలికాలంలో ఇంటివాళ్ళు బేస్‌మెంట్ అద్దె గదుల్లోంచి గెంటేసిన స్టూడెంట్లకి సంఘం సాయపడాలని, తానూ స్టూడెంటే అయిన ధాత్రి ఎన్నిసార్లు అడిగినా, "పి.ఆర్. వచ్చాక మాట్లాడమ్మా" అనేవారు. ఆ మాటంటే ఆమెకు ఒళ్ళు మంట.

"ముందు సన్మానం, తర్వాత ఎన్నిక. ఎన్నికెంతసేపు, రెండు నిమిషాలు," అన్నారాయన.

అతిథి నయోమీ, నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే మనిషి. ధాత్రే పట్టుబట్టి పిలిపించింది.

"మా తాతయ్య చర్చికి పెద్ద," మొదలుపెట్టింది నయోమీ. "బానిసలైన తన జనాన్ని విడిపించిన మోషే కథ ఆయన ఒళ్ళోనే విన్నాను. నాకు పదిహేనేళ్ళప్పుడు మా అన్నయ్యను పోలీసులు ఊరికే రోడ్డు మీద నిలబెట్టి సోదా చేశారు. చర్చి అంతా ఊరేగింపుగా వెళ్దామన్నాను. 'పిల్లలకి ఓటు లేదు, ప్రార్థన చేసుకో' అన్నారు తాతయ్య. మోషే ప్రార్థన చేసి ఊరుకున్నాడా అని అడిగాను."

హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది త్యాగరాజే.

"చర్చిలో పాడేది పిల్లలమే. మూడు ఆదివారాలు నోరు విప్పలేదు. నాలుగో ఆదివారం మాకూ ఓటొచ్చింది. చర్చి మొత్తం రోడ్డెక్కింది."

"మరి తాతయ్య?" అడిగింది ధాత్రి.

"ఇప్పుడు ముందు వరసలో కూర్చుని హాయిగా పాటలు వింటారు."

త్యాగరాజు పొంగిపోయి మైకు అందుకున్నారు. "విన్నారా పిల్లలూ? అన్యాయం ఎక్కడున్నా ప్రశ్నించాలి!"

"అంకుల్, మరి మా ఓటు?" వెనక వడ్డన దగ్గరున్న స్టూడెంట్ లోహిత్ గొంతు. వడ్డన బల్ల దగ్గరి పిల్లలంతా గరిటెలు కింద పెట్టేశారు.

త్యాగరాజు అతిథి వైపు చూశారు. ఆకలితో ఉన్న పెద్దల వైపు చూశారు.

"అలాగేనర్రా! ఇవాళ్టి నుంచి అందరికీ ఓటు! ఏమంటారు?"

పెద్దలు గబగబా చేతులెత్తారు. హాల్లో వాళ్ళు నలభై మంది, స్టూడెంట్లు నూట ఇరవై.

ఆ ఊపులోనే ఆయన శాలువా విప్పి నయోమీ వైపు నడిచారు. ధాత్రి దాన్ని మధ్యలోనే అందుకుని, ఆయన భుజాల మీదే కప్పి, పెట్టె చేతికిచ్చింది.

"నాకెందుకమ్మా?" అంటూ ఆయన కాగితం విప్పారు.

జ్ఞాపిక మీద 'మాజీ అధ్యక్షులు త్యాగరాజు గారికి' అని ఉంది.