పాముచెవులు

టీ గ్లాసులు పట్టుకుని ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే, కొత్తాయన మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

రేకు డబ్బాలు చేసే ఆ ఫ్యాక్టరీలో అతను చేరి నెల కాలేదు. మిషన్ల మోతకి పనివాళ్ల చెవులు పాడవకుండా చూడటం అతని ఉద్యోగమట.

ఎవరు మాట్లాడితే వాళ్ల నోటికేసే కళ్లార్పకుండా చూస్తాడు.

“పాముచెవులే ఆయనవి,” అంది మూతల మిషన్ మీద పనిచేసే పెద్దక్క.

“పాముకి చెవులెక్కడున్నాయక్కా?” అని నవ్వింది పక్క మిషన్ మీదుండే ఆమె తోడికోడలు.

“లేకపోతేనేం, అన్నీ వింటుంది.”

ఆ పేరే అతనికి స్థిరపడిపోయింది.

చెవుల్లో పెట్టుకోమని అందరికీ మెత్తటి బిరడాలు పంచాడు. మన చెవులు మూసేసి, మన కబుర్లు తను వింటాడన్నమాట అనుకున్నారు. వెనకనుంచి పిలిస్తే పలకడు కాబట్టి, పొగరు కూడా ఉందనుకున్నారు.

పెద్దక్క భయం వేరు. కొంతకాలంగా ఆమె చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నాయి. చెవుడొచ్చిన వాళ్లని ఏరి ఇంటికి పంపడానికే ఇతన్ని తెచ్చారని పుకారు. కూతురూ మనవరాలూ ఆమె జీతం మీదే బతుకుతున్నారు.

ఒకరోజు అతను సూటిగానే అడిగాడు.

“చెవుల్లో మోతగా ఉంటోందామ్మా?”

“లేదండీ,” అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

“ఏమన్నారు?”

నోరు జారుతానేమోనని విన్నమాటే మళ్లీ అడుగుతున్నాడు, అనుకుందామె. చెయ్యి తియ్యకుండానే ఇంకోసారి లేదంది.

మర్నాడు ఆమెని మూతల మిషన్ నుంచి తప్పించి, లోపలి గదిలో డబ్బాలు సర్దే పనికి మార్పించాడు.

ఇక గెంటేయడమే మిగిలిందనుకుని, పెద్దక్క అందరినీ వెంటేసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లింది. ఆడవాళ్ల మాటలు పొంచి వింటున్నాడని చెప్పింది.

“వింటున్నాడా? ఆయనా?” మేనేజర్ ఎందుకో నవ్వాడు.

మోత తగ్గించమని రోజూ ప్రాణం తీస్తున్న మనిషిని వదిలించుకోవడానికి, మేనేజర్‌కి ఆ సాకు చాలింది.

ఆ ఆదివారం పెద్దక్క ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే, మనవరాలు వెనకనుంచి గుసగుసగా “అమ్మమ్మా” అంది.

ఆమె తిరిగి చూసింది. చూశాక గానీ తెలియలేదు, చెవుల్లో కీచురాళ్లు సద్దుమణిగాయని.

సోమవారం ఆమె పనికొచ్చేసరికి, అతను సంచి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోతున్నాడు.

“అయ్యా, ఒక్కమాట,” అని పిలిచింది. మళ్లీ పిలిచింది. అతను ఆగలేదు.

కోపం ఉండదూ మరి, అనుకుంటూ వెనకాలే పరుగెత్తింది.

రోడ్డు మలుపులో ఎదురుచూస్తున్న అతని భార్య అది చూసి, అతని భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

అతను ఎప్పటిలాగే పెద్దక్క నోటికేసి చూశాడు. అలవాటుగా ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

“చెయ్యి తియ్యమ్మా,” అంది భార్య నెమ్మదిగా. “ఇలాంటి మిషన్ల దగ్గరే ఆయనకి రెండు చెవులూ పోయాయి, నీ పెదాలు కనపడితేనే నీ మాట ఆయనకి వినపడేది.”