కాకి పండ్లు

"పొద్దున్నుంచీ ఆ ఫోన్‌లో ఏం చూస్తున్నావు?" రాగిణి అడిగింది.

కౌశిక్ గబుక్కున ఫోన్ బోర్లించాడు. "ఏం లేదు. ఆఫీస్ మెయిల్స్."

"వెకేషన్‌లో కూడానా? ఏమైనా ప్రాబ్లమా?"

"ప్రాబ్లం ఏముంటుంది? రెండు నిమిషాలు ఫోన్ చూస్తే ఇన్ని క్వశ్చన్సా?"

అనుకున్నదానికంటే గట్టిగా అనేశాడు. రాగిణి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. తర్వాత బట్టలు మడత పెట్టుకోసాగింది. అక్కడ నిలబడలేక కౌశిక్ గది బయటికి వచ్చేశాడు.

జపాన్‌లో అదొక చిన్న కొండ ఊరు. వాళ్లు దిగింది ఆరేడు గదులున్న పాత చెక్క బస. జెర్సీ సిటీలో మూడేళ్లుగా అనుకుంటూ, వాయిదా వేసుకుంటూ చివరికి వచ్చిన ట్రిప్ ఇది. వచ్చిన మూడో రోజే కౌశిక్‌కి ఆ మెయిల్ అందింది. నెలాఖరుతో అతని ఉద్యోగం ఆఖరు. ఈ పది రోజులైనా రాగిణి సంతోషంగా ఉండాలి, ఇంటికెళ్లాక చెబుదాం అనుకున్నాడు. నాలుగు రోజులుగా ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

వసారాలో ఆ బస నడిపే ముసలావిడ పండ్లు చెక్కు తీస్తోంది. ఎనభై ఏళ్లు ఉంటాయేమో, నడుం వంగిపోయింది కానీ చేతులు చకచకా ఆడుతున్నాయి. చెక్కు తీసిన పండ్లను తాడుకు కట్టి, ఎండడానికి చూరుకు వేలాడదీస్తోంది. కౌశిక్‌ను చూసి పక్కనే కూర్చోమని సైగ చేసింది.

"కాకి," అంది.

కౌశిక్ తలెత్తి చూరు వైపు చూశాడు. చెట్ల వైపు చూశాడు. ఎక్కడా కాకి లేదు. ఆవిడ నవ్వి, టమాటాలా ఎర్రగా ఉన్న పండొకటి అతని ముక్కు దగ్గర పెట్టి, "కాకి," అంది మళ్లీ.

"దీని పేరు కాకా?" అన్నాడు తెలుగులోనే. అర్థమైనట్టే ఆవిడ తలూపింది. నాలుగు రోజుల్లో అతనికి మొదటిసారి నవ్వొచ్చింది.

ఆవిడ ఒక చాకు చేతికిచ్చింది. మొదటి పండుకు చెక్కుతోపాటు సగం గుజ్జు ఊడొచ్చింది. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని, చాకు ఎంత వంచాలో చూపించింది.

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆవిడకి ఇంగ్లిషే రాదు, ఇక తెలుగు సంగతి చెప్పక్కర్లేదు. ఆ ధైర్యంతోనే అతని నోరు పెగిలింది.

"బామ్మగారూ, నా జాబ్ పోయింది."

"ఊఁ," అంది ఆవిడ, చెక్కు తీస్తూ.

"సిక్స్‌టీ డేస్‌లో ఇంకోటి దొరక్కపోతే అమెరికా వదిలి వెళ్లిపోవాలి. నా వీసా మీదే మా ఆవిడ వీసా. తను ఇప్పుడిప్పుడే ఇష్టమైన జాబ్‌లో చేరింది, అదీ పోతుంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పొద్దున ఏమైందని అడిగితే కసిరాను. తను ఏం తప్పు చేసిందని?"

"ఊఁ," అంది ఆవిడ. ఈసారి చాకు ఆపింది.

కౌశిక్ ఇంకా ఏమేమో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆవిడ అతని వీపు నిమురుతూ కూర్చుంది. మాటలైపోయాక అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. సమస్య ఎక్కడిదక్కడే ఉన్నా ముల్లు దిగిపోయినట్టనిపించింది.

ఆవిడ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి రాగిణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కౌశిక్ పక్కన కూర్చోబెట్టి, చేతిలో చాకు పెట్టి, ఖాళీ గంప తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

రాగిణి ఒక పండు అందుకుంది. ఎవరూ చూపించకుండానే చెక్కు తీయడం మొదలుపెట్టింది. అది ఎక్కడా తెగకుండా రిబ్బన్‌లా కిందికి జారుతోంది.

"రాగిణీ, నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"నన్ను లేఆఫ్ చేశారు."

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసు," అంది.

కౌశిక్ నిర్ఘాంతపోయాడు. "ఎలా?"

"ఆ మెయిల్ వచ్చిన రోజే ట్రైన్‌లో టికెట్లు చూపించమని నీ ఫోన్ నా చేతికిచ్చావు కదా. పైనే కనిపించింది. నువ్వే చెబుతావని చూస్తున్నాను."

"భయం వెయ్యలేదా నీకు?"

"వేసింది. ఇప్పుడు కొంచెం తగ్గింది. ఇంటికెళ్లగానే ఇద్దరం కూర్చుని నీ రెజ్యూమె సరిచేద్దాం. నా టీమ్‌లోనూ అడుగుతాను."

ఆమె భుజం వచ్చి అతని భుజానికి ఆనింది. కౌశిక్ ఆమె చేతిలోంచి చాకు తీసి పక్కన పెట్టాడు.

"ఇంత పెద్ద విషయం నాలుగు రోజులు మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఎలా ఉండగలిగావు?"

"ఎవరన్నారు చెప్పలేదని?" అంది రాగిణి కళ్లు తుడుచుకుంటూ. "నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఇక్కడే కూర్చుని, బామ్మగారితో మొత్తం చెప్పుకుని ఏడ్చాను. తెలుగులోనే."