నిదానమైన డ్రైవు

ఆవిడ లోపలికి ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు.

కొత్త డ్రైవులోకి ఫైళ్ల కాపీ మొదలుపెట్టి తలెత్తేసరికి, కిటికీ పక్క కుర్చీని అరచేత్తో రెండుసార్లు తుడిచి కూర్చుంటోంది.

పాతికేళ్లుంటాయేమో. పై వాటాలోకి కొత్తగా దిగినవాళ్ల అమ్మాయి కాబోలనుకున్నాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?" అంది.

నలభై ఏళ్లవాణ్ణి పట్టుకుని నాయనా ఏమిటని అతనికి నవ్వొచ్చింది.

"ఎస్సెస్డీలు పరీక్షిస్తానండీ. కంప్యూటర్లో సరుకు దాచుకునే డ్రైవులు. వేగమెంత, ఎంత పడుతుంది, పెట్టిన డబ్బుకు గిట్టుబాటేనా, అన్నీ చూసి రాస్తాను."

అతని సమీక్ష చదవందే డ్రైవు కొననివాళ్లు బోలెడుమంది. స్పీడు సారు అని పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అంగుళం పెరుగుతాడు.

పరీక్ష కోసం అతని దగ్గర 'బరువు' అనే ఫోల్డరు ఉంది. ఎవరెవరి పాత డిస్కుల్లోంచో ఊడ్చుకొచ్చిన వీడియోలు, ఫొటోలు. కంపెనీవాళ్లు చెప్పే వేగం మొదట్లో కాసేపే. నిండుతున్నకొద్దీ డ్రైవు అసలు రంగు బయటపడుతుంది. అందుకని ఆ బరువంతా ప్రతిదాంట్లోకీ ఎక్కిస్తాడు, కొలుస్తాడు, తుడిచేస్తాడు. ఒక్క ఫైలూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

"అమ్మాయి ఎప్పుడొస్తుంది?" అంది ఆవిడ.

"మా ఆవిడా? ఆఫీసు నుంచి ఆరింటికి."

"అందాకా ఇది నడుస్తుందా?"

"అబ్బే, అరగంటలో అయిపోతుంది. భలే వేగం!"

ఆవిడ మొహం చిన్నబోయింది.

కాపీ ముగిసింది. చూస్తే కుర్చీ ఖాళీ. తలుపుకు లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది.

అతని ఒళ్లు జలదరించింది.

మర్నాడు మధ్యాహ్నం కాపీ మొదలవగానే మళ్లీ వచ్చింది. కుర్చీ తుడిచింది.

అలా రోజూ. అతనికి భయం పోలేదు గాని, ఎవరు నువ్వని అడిగే ధైర్యం చాలలేదు. పైగా ఆవిడ మాటలు సమీక్షలకు పనికొస్తున్నాయి.

"నిన్నటిది కొలిమి. ఊపిరాడలేదు," అనేది. వేడి కొలిచి చూస్తే నిజమే.

"ఇది పైకి డాబు. సగం నిండాక అడుగు పడటం లేదు." అదీ నిజమే.

వేగం పడిపోయినప్పుడల్లా ఆవిడ మాట కూడా సాగేది. రెప్పలు ఆలస్యంగా వాలేవి. అతను గబుక్కున తల తిప్పుకునేవాడు.

ఒకరోజు అన్నింటికన్నా చౌక డ్రైవు వచ్చింది. నత్తనడక. ఆరు కావస్తున్నా కాపీ కాలేదు. అతను విసుక్కుంటుంటే, ఆవిడ మాత్రం వెలిగిపోతున్న మొహంతో వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

"అన్నింట్లోకీ ఇదే మేలు నాయనా. తుడవకు. నాకుంచెయ్యి."

"ఇంత నిదానమైంది ఎవరిక్కావాలండీ! అదీగాక తిరిగి పంపాలి."

మెట్ల మీద భార్య చెప్పుల చప్పుడు. ఆవిడ రెండు చేతులూ చాచింది.

కాపీ పూర్తయింది.

అతను వెళ్లి గడియ తీసేసరికి తలుపుకు ఇవతల ఎవరూ లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది భార్య.

"డ్రైవుతో. తిడుతున్నా."

ఆమె చేతిసంచీ పక్కన పడేసి, అటక మీది పెట్టె దింపుకుంది.

"మళ్లీ ఆ క్యాసెట్టు వేటేనా?"

"అమ్మ మాట్లాడిన వీడియో క్యాసెట్టు ఒకటుందని నాన్న చెప్పేవారుగా! ఫొటోలన్నీ వరదలో పోయాయి. నాకు ఏడాదైనా నిండకముందే అమ్మ పోయింది. మొహం తెలీదు, గొంతు తెలీదు. ఒక్కసారి చూస్తే చాలండీ."

దొరకలేదు. ఆమె ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు.

ఆ డ్రైవును తుడిచి వెనక్కి పంపేశాడు. 'నత్త. కొనకండి' అని రాశాడు.

తర్వాత మరీ పెద్ద డ్రైవులు రాసాగాయి. వాటికి ఆ పాత బరువు చాలలేదు. కంప్యూటరే పుట్టించిన అర్థంలేని ఫైళ్లతో కొత్త బరువు తయారుచేసుకుని, తన ఎస్సెస్డీలోని పాత ఫోల్డరు చెరిపేశాడు.

ఆ రోజు నుంచి ఆవిడ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు. అనుకున్నాడే గాని, కాపీ మొదలైన ప్రతిసారీ కళ్లు కుర్చీ మీదికే పోయేవి.

ఆదివారం భార్య వాళ్ల పిన్ని ఫోన్ చేసింది. గది అంతా వినిపిస్తోంది.

"ఇంకా క్యాసెట్టెక్కడిదే? బూజు పడుతోందని మీ నాన్న పోయేముందు దాన్ని డిస్కులోకి ఎక్కించాడుగా! ఆయన పెట్టెలో నల్ల డిస్కు. చూడు."

భార్య కళ్లు మెరిశాయి. "ఏమండీ, నాన్న డిస్కు మీరు తీసుకున్నారు కదూ?"

తీసుకున్నాడు. అందులో ఉన్నదంతా బరువులో కలిపాడు. డిస్కును పాతసామాన్లవాడికి వేసేశాడు. ఎస్సెస్డీలో తుడిస్తే ఇక తుడిచినట్టే, ఆనవాలు మిగలదని మెచ్చుకుంటూ రాసింది కూడా అతనే.



"అమ్మ ఎలా ఉండేది పిన్నీ?" అంటోంది భార్య, ఆశగా.

"ఏం చెప్పనే! పాతికేళ్లకే వెళ్లిపోయింది. తనకన్నా పెద్దవాళ్లను పట్టుకుని కూడా నాయనా, నాయనా అనేది. ఎక్కడికెళ్లినా ముందు కుర్చీని అరచేత్తో రెండుసార్లు తుడిచి గాని కూర్చునేది కాదు."

అతను కిటికీ వైపు చూశాడు.

కుర్చీ మీద దుమ్ము పేరుకుంది.

రోజూ దాన్ని తుడుచుకుని కూర్చుని, ఆరింటిదాకా ఉండనిమ్మని అల్లుణ్ణి అడిగింది అత్తగారు.