పరుపులాయన నిద్ర

వరదొచ్చి బజారు వీధి మునిగిన మరుసటి ఏడు జరిగింది ఇది.

పరుపులు కుట్టే ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. ఊరందరికీ మెత్తటి పక్క కుట్టిచ్చే మనిషి తన పక్క మీద తెల్లార్లూ దొర్లేవాడు. జనం నవ్వుకున్నారు. నీ పరుపొకసారి విప్పి చూసుకోవయ్యా, దబ్బనం లోపలే మర్చిపోయావేమో అన్నారు.

పగలు ఆయన నోట మాట రాదు. పరుపు ఎంత పొడవో అడగడానికి కూడా చేతులు చాపి చూపించేవాడు.

సాయంత్రమైతే వేరే మనిషి. కొట్టు మూసే ముందు దూది బస్తాల వెనక నుంచి ఒక సీసా తీసేవాడు. ఇంటికొచ్చేసరికి అడుగు ఇటు వేస్తే అటు పడేది. నోట్లో లవంగం నములుతూ వచ్చేవాడు. లవంగం వాసనని దాస్తుంది గాని కాళ్ళని దాస్తుందా అని భార్య దెప్పేది.

తూలుతూ వచ్చిన మనిషికి మాటలు వాటంతటవే పుట్టుకొచ్చేవి. కూర బాగుందనేవాడు. నీ కుట్టు ముందు నా కుట్టెంత అనేవాడు. వరదనాడు తాను ఒళ్ళు తెలియకుండా తాగి పడుంటే, ఆవిడ ఒక్కతే బస్తాలన్నీ అటకెక్కించిన సంగతి ఎత్తి కళ్ళు తుడుచుకునేవాడు. చాల్లెండి సంబడం అనేది ఆవిడ. అంటూనే ఇంకో గరిటె వడ్డించేది.

నిద్ర లేక ఒకనాడు దబ్బనం వేలిలో దించుకున్నాడు. ఆవిడ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

సాయంత్రాలు టీ, కాఫీలు ఎక్కువా అని అడిగాడు డాక్టరు. టీ గ్లాసు ముట్టుకోగా తాను చూడలేదంది ఆవిడ. తాగుడు అలవాటుందా అన్నాడు. పరుపులాయన అడ్డంగా తలూపాడు. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. మందుల షాపు ఆవిడ తమ్ముడిదే. అతను మాత్రల అట్టని బావ చేతికివ్వలేదు. అక్కకిచ్చాడు.

"సారా చేసేదీ, ఈ మాత్ర చేసేదీ ఒకటే పని అక్కా, జోకొట్టడం. ఒకటి జోకొడితే నిద్రొస్తుంది. రెండూ కలిసి జోకొడితే, ఊపిరి తీసుకోవాలన్న సంగతి కూడా మర్చిపోతాడు మనిషి. బావ హాయిగా పడుకున్నాడనుకుంటావు. తెల్లారి లేపితే లేవడు."

ఆవిడ అట్టని ఉప్పు డబ్బా వెనక దాచింది.

"రెండిట్లో ఒకటే," అంది ఆ సాయంత్రం. "సీసా మానేస్తే మాత్ర ఇస్తాను. లేకపోతే లేదు."

ఆయన మర్నాడు కూడా తూలుతూనే వచ్చాడు. మాత్ర అడగలేదు. కూర బాగుందన్నాడు.

నిద్రకన్నా సీసాయే తీపైందన్నమాట బావకి అని తమ్ముడు ఎగతాళి చేశాడు. పరుపులాయన కళ్ళు గుంటలు పడ్డాయి. కొట్టులో కుట్టే పరుపు మీదే కునికితే, బేరానికొచ్చినవాళ్ళు దాని మెత్తదనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అదే కొనుక్కుపోయారు.

ఒక సాయంత్రం ఎప్పటిలాగే తూలుతూ వచ్చి, తిని, పక్కెక్కాడు. ఆవిడ వంటిల్లు సర్దుతూ ఉప్పు డబ్బా జరిపింది. అట్టలో ఒక మాత్ర తక్కువుంది.

పరుగెత్తుకెళ్ళి మీరేనా తీసిందని అడిగింది. ఆయన తలూపాడు. ఉండబట్టలేకపోయాను అన్నాడు.

తమ్ముడు ఆటో తెచ్చాడు. దారంతా బావ కునక్కుండా గిల్లుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో ఆయన వేలికేదో తగిలించి ఊపిరి చూశారు. గడియారంలా ఆడుతోంది. రెండూ లోపల పడ్డ మనిషి ఇలా ఉండడే అని డాక్టరు గొణుక్కుని, ఎందుకైనా మంచిదని అక్కడే ఉంచమన్నాడు. మా బావది గట్టి ప్రాణం అన్నాడు తమ్ముడు.

అందరూ పక్కకి వెళ్ళాక ఆవిడ మంచం పక్కన కూర్చుంది.

"తప్పు నాది. తాగితే గాని మీకు నాతో మాట్లాడాలనిపించదు. ఆ నాలుగు మాటల కోసం నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇక వద్దు. మాట్లాడకపోతే మానె, మీరుండండి."

ఆయన ఏదో చెప్పబోయేలోగా మాత్ర తన పని తాను చేసుకుపోయింది. ఆయన నిద్రపోయినంతసేపూ ఆవిడ ఆయన గుండె మీది చెయ్యి తియ్యలేదు.

తెల్లారి ఇంటికి పంపేస్తే ఆవిడ ఇంటికి పోలేదు. తిన్నగా కొట్టుకి నడిచింది. వెనకే ఆయన. దూది బస్తాల వెనక చెయ్యి పెట్టి సీసా లాగి, గడప మీద పగలగొట్టబోయింది.

ఆయన దాన్ని అందుకుని, వరదనాడే సారా మానేసిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం తాగుతున్న ఆ పాలు లేని చిక్కటి టీని ఆవిడ చూస్తుండగా వీధిలో వంచేసి, రెండు కాళ్ళ మీదా తిన్నగా నిలబడి, "నీ చేతి కూర బాగుంటుందే" అన్నాడు.