పడవలో నాన్న పని

"సముద్రంలో పొయ్యేవాళ్ళకీ కడుపుంటాది కదమ్మా!"

షెడ్డులో నిలబెట్టిన చిన్న తెరచాప పడవలో మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త టాయిలెట్‌కి బోల్టులు బిగిస్తూ మునిరాజు కూతురు నవ్యతో అన్నాడు. అన్నం క్యారియరు తెచ్చిన మంజులకు మాత్రం, బిడ్డను ఇక్కడికి ఎందుకు తెచ్చానా అని గుబులుగా ఉంది.

"ఆ పంపు పిడి కొట్టు పాపా. పడవలో నీళ్ళు వాటంతటవి రావు."

నవ్య రెండు చేతులా పంపు కొట్టింది. పైపు ముంచిన బకెట్లో నీళ్ళు గుటగుటమంటూ పైకెక్కి టాయిలెట్ గిన్నెలో గిర్రున తిరిగాయి.

"అబ్బా! నాన్నా, రేపు మా మిస్‌కి చెప్తా!" అని ఎగిరింది. అంతలోనే అమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. "చెప్పొచ్చా అమ్మా? నాన్నది ఆఫీసు పని అని చెప్పమన్నావు కదా?"

మంజుల గబుక్కున క్యారియరు విప్పడం మొదలుపెట్టింది.

మునిరాజు తలెత్తలేదు. బిగిసిన బోల్టునే మళ్ళీ బిగిస్తున్నాడు.

"అమ్మ చెప్పినట్టే చెప్పు పాపా. నేను స్కూలు గేటు దాకా రాకుండా మలుపులోనే బండి ఆపేది అందుకే కదా."

గేటు దగ్గర బండికి జాగా ఉండదని ఆయన అంటే, ఇన్నాళ్ళూ నిజమేననుకుంది మంజుల.