దోమల బకెట్

“విన్నావా అక్కా? మన జోగ్జా నగరంలో డాక్టర్లు చేసిన పరిశోధన ఫలితం తేలిందట. డెంగీ అంటించలేని దోమల్ని వదిలిన చోట జ్వరాలు బాగా తగ్గాయట,” అంది పక్కింటి ముర్యాతి. “నీ పెరట్లోనూ ఆ దోమగుడ్ల బకెట్ పెట్టారు. అయినా నా బాబు డెంగీతోనే పోయాడు. నా రాత!”

లస్మిని తలొంచుకుని బియ్యం ఏరుతూనే ఉంది.

“పిల్లాడున్న ఇంటి పక్కన దోమల్ని పెంచుతావా, పారబొయ్యి అని ఆ రోజు నీ మీద ఎంత ఎగిరాను!”

“పోనీలే ముర్యాతీ.”

“నువ్వు వినలేదు, బతికించావు. వినుంటే, బిడ్డని చేతులారా చంపుకున్నానని ఏ బావిలోనో దూకేదాన్ని.”

గొడవెందుకని ఆ సాయంత్రమే లస్మిని బకెట్‌లో మరిగే నీళ్లు గుమ్మరించేసింది. ఆ మాట చెప్పేద్దామని ఇప్పుడు తలెత్తింది.

ముర్యాతి ఆమె ముఖంలోకి చూసింది. “పారబోయలేదు కదూ?”

“లేదమ్మా.”

నీళ్లు గుమ్మరించిన ఆ చేతినే ముర్యాతి కళ్లకద్దుకుంది.