గాలి కిటికీ

గదిలా చుట్టూ మూసి ఉన్న మా తమ్ముడి వెల్డింగ్ ట్రైలర్ కొనడానికి వచ్చిన మేస్త్రి, లోపలున్న జనరేటర్ ఆన్ చేసి వెంటనే చెవులు మూసుకున్నాడు.

"అమ్మో, చెవులు చిల్లులు పడుతున్నాయక్కా! ఈ గాలి కిటికీ మూసేద్దామా?"

"వద్దు బాబూ. వేడీ పొగా బయటికి పోయే దారి అదొక్కటే. ముందు కిటికీ తెరవాలి, తర్వాత ఫ్యాను, ఆ తర్వాతే జనరేటర్. ఏదీ, ఒకసారి చెప్పు."

బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు.

"బండి కొనడానికి వస్తే పాఠం అప్పజెప్పించుకుంటున్నారే! మీ తమ్ముడికీ ఇలాగే నేర్పారా?" అని నవ్వాడు.

"లేదు. వాడు ఇందులోనే పోయాక నేను నేర్చుకున్నాను."

అతని నవ్వు ఆగిపోయింది. "ఇంత పని తెలిసిన మనిషి కిటికీ ఎందుకు మూశాడక్కా?"

తాళాలు అతని చేతిలో పెట్టి, ఇంట్లోకొచ్చి దేవుడి ముందు కూర్చున్నాను.

ఆ రోజూ ఇక్కడే కూర్చుని కేకేశాను. "ఒరేయ్, ఆ చప్పుడు కాస్త తగ్గించరా! ప్రార్థన చేసుకోవాలి."

"సరే అక్కా," అన్నాడు.

వెంటనే చప్పుడు తగ్గింది. నేను హాయిగా కళ్లు మూసుకున్నాను.